అది బద్ధకం కాదమ్మా, నిద్ర చాలక వచ్చిన అలసట

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ములు, ముక్కు కారడం, ఆ తర్వాత దిబ్బడ. జ్వరం ఉండదు. జలుబు సిరప్ పట్టిస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. డాక్టర్ చూసి ముక్కు అలర్జీ అని చెప్పి స్ప్రే రాశారు. అది స్టెరాయిడ్ అని తెలిసి భయమేసి నాలుగు రోజులకే ఆపేశాను. మావారు ‘జలుబేగా, పెద్దయితే అదే పోతుంది’ అంటారు. కానీ నా బెంగ వేరు. వాడు చదువులో వెనకబడ్డాడు. క్లాసులో ధ్యాస ఉండట్లేదని టీచర్ డైరీలో రాశారు. పొద్దున లేపితే విసుగు, చిన్న మాటకే ఏడుపు. ఆటలకి రమ్మంటే రానంటాడు. బద్ధకం పెరిగిందని నేను కూడా రోజూ తిడుతున్నాను. వీటన్నిటికీ ఆ ముక్కుకీ ఏమైనా సంబంధం ఉందంటారా?

సమాధానం: ఉందమ్మా. మీరు రాసినవాటిలో చాలావరకు ఆ ముక్కు నుంచే వస్తూ ఉండొచ్చు. ఉత్తరంలో తుమ్ముల గురించి ఒక్క వాక్యం రాసి, చదువు గురించి, పొద్దుటి విసుగు గురించి, ఆటల గురించి అంతకంటే ఎక్కువ రాశారు. మీరు చూడాల్సిన చోటే చూస్తున్నారు. పిల్లల్లో ఈ జబ్బు ఎంత ఉందో తుమ్ములు లెక్కపెడితే తెలియదు. వాడి రోజు ఎలా గడుస్తోందో చూస్తే తెలుస్తుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. అలర్జీ ఉన్నవాళ్ల శరీరం దుమ్ములోని కంటికి కనిపించని పురుగుల్ని, పుప్పొడిని, బూజుని, పెంపుడు జంతువుల చర్మపు పొట్టుని శత్రువులుగా పొరబడుతుంది. ముక్కు పొరలో మాస్ట్ కణాలుంటాయి. వాటి మీద ఐజీఈ అనే యాంటీబాడీలు కాచుకుని ఉంటాయి. పడని రేణువు తగలగానే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. నిమిషాల్లోనే దురద, తుమ్ములు, నీళ్లలా కారడం మొదలవుతాయి. ఇది అందరికీ కనిపిస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో దశ వస్తుంది. అప్పుడు ముక్కు లోపలి పొర వాచి, గాలి దారి ఇరుకవుతుంది. దీనికి చప్పుడుండదు. తుమ్ములు ఆగాయి కదా, తగ్గిపోయిందని మనం అనుకునే సమయానికి పిల్లవాడు నోటితో గాలి పీలుస్తూ ఉంటాడు. వాడి రోజుని పాడుచేసేది ఎక్కువగా ఈ దిబ్బడే.

అది రాత్రి ఇంకా పెరుగుతుంది. పడుకున్నప్పుడు ముక్కు పొరకి రక్తం ఎక్కువగా చేరి వాపు పెరుగుతుంది. దుమ్ము పురుగులు ఎక్కువగా ఉండేది పరుపులో, దిండులో. పిల్లవాడు ఎనిమిది తొమ్మిది గంటలు వాటికే ముఖం ఆనించి పడుకుంటాడు. ఒక రాత్రి, బాబు నిద్రపోయిన రెండు గంటలకి, పక్కన కూర్చుని కాసేపు గమనించండి. నోరు తెరిచి ఉందా? సన్నగా గురక వస్తోందా? ఇటు దొర్లి, అటు దొర్లి, తల వెనక్కి వాల్చి, దుప్పటి తన్నేసి, మళ్లీ ముక్కు రుద్దుకుని పక్కకి తిరుగుతున్నాడా? అలా కదిలిన ప్రతిసారీ వాడి నిద్ర కాస్త తెగుతోంది. పూర్తిగా మెలకువ రాదు కాబట్టి పొద్దున అడిగితే ‘బాగానే పడుకున్నాను’ అంటాడు. అబద్ధం కాదు, వాడికి గుర్తుండదు. లేచేసరికి పెదాలు ఎండిపోయి, గొంతు గరగరలాడుతూ, కళ్ల కింద నల్లటి నీడలు ఉంటే రాత్రంతా నోటితోనే ఊపిరి తీశాడని అర్థం. ఆ గురకని ఫోన్‌లో రికార్డు చేసి డాక్టర్‌కి వినిపించండి. మధ్యలో ఊపిరి ఆగి, మళ్లీ ఒక్కసారిగా అందుకున్నట్టు వినిపిస్తే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు అనే మెత్తటి కణజాలం పెరిగినా అలాగే అవుతుంది.

నిద్ర చాలకపోతే పెద్దవాళ్లు కునుకు తీస్తారు. పిల్లలు చాలామంది అలా కునుకు తీయరు. చిరాకు పడతారు, ఒకచోట కుదురుగా కూర్చోరు, చిన్నదానికే ఏడుస్తారు, చెప్పింది సగంలో వదిలేస్తారు. చూసేవాళ్లకి అది మొండితనంలా, అశ్రద్ధలా కనిపిస్తుంది. ఏకాగ్రత లోపమేమో అని పరీక్షలకి తీసుకెళ్లిన పిల్లల్లో కూడా కొందరికి అసలు సమస్య రాత్రి నిద్ర సరిగా లేకపోవడమే. మీ టీచర్ గారు రాసింది నిజమే అయ్యుంటుంది. ధ్యాస లేని మాట నిజం, కానీ దానికి కారణం బద్ధకం కాకపోవచ్చు.

ఇక ఆ సిరప్ సంగతి. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. సీసా మీద క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజిన్ లాంటి పేర్లు ఉన్నాయేమో చూడండి. ఇవి పాతతరం అలర్జీ మందులు. మెదడులోకి వెళ్లి మత్తు కలిగిస్తాయి. మందు వేస్తే హాయిగా పడుకున్నాడని అనిపిస్తుంది గానీ, ఆ నిద్ర సహజమైన నిద్ర లాంటిది కాదు. మత్తు మర్నాటి క్లాసు దాకా కూడా ఉండొచ్చు. బ్రిటన్‌లో 15 నుంచి 17 ఏళ్ల విద్యార్థుల మీద జరిగిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. స్కూల్లో ముందు పెట్టిన నమూనా పరీక్షలో వచ్చిన గ్రేడుని వేసవిలో రాసిన అసలు పరీక్ష గ్రేడుతో పోల్చి చూశారు. పుప్పొడి అలర్జీతో బాధపడుతూ పరీక్ష రాసినవాళ్లకి గ్రేడు తగ్గే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు 40 శాతం ఎక్కువగా కనిపించింది. మత్తు కలిగించే మందు వాడుతున్నవాళ్లలో అది 70 శాతం దాకా ఉంది. అంటే జబ్బు చేసే నష్టం ఒకటి, సరిపడని మందు చేసే నష్టం ఇంకొకటి. లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి కొత్తతరం మందులకి మత్తు చాలా తక్కువ. సెటిరిజిన్ కూడా ఆ తరానిదే అయినా కొందరు పిల్లల్ని మగతగా ఉంచుతుంది. మీ బాబు వయసుకి, బరువుకి ఏది ఎంత అన్నది మీ డాక్టర్ చెప్పాలి. సొంతంగా మార్చకండి, పాత సిరప్ కూడా మళ్లీ మళ్లీ పట్టించకండి.

చదువు, నిద్ర గురించి మీరు అడిగారు. మీరు అడగనిది ఇంకొకటి ఉంది. క్లాసులో ముక్కు కారుతూ ఉండటం పిల్లలకి చాలా చిన్నతనంగా ఉంటుంది. జేబులో రుమాలు తడిసిపోతుంది. చొక్కా చేతికి తుడుచుకుంటే పక్కవాడు చూసి ‘ఛీ’ అంటాడు. ఎగపీలిస్తే టీచర్ తలెత్తి చూస్తారు. గట్టిగా చీదితే అందరూ నవ్వుతారు. జలుబు అంటుకుంటుందని స్నేహితులు దూరం జరుగుతారు. ఈ అలర్జీ ఎవరికీ అంటుకోదు, కానీ ఆ సంగతి తోటి పిల్లలకి ఎవరు చెబుతారు? ముక్కు, కళ్ల అలర్జీ వల్ల జీవితం ఎంత ఇబ్బందిలో పడుతోందో కొలవడానికి 6 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం ప్రత్యేకంగా 23 ప్రశ్నలతో ఒక ప్రశ్నావళి ఉంది. ఆ వయసు పిల్లల్ని అడిగి తయారుచేసినది. మనసు బాధ గురించి వాళ్లు పెద్దవాళ్లలా చెప్పరు. మాటిమాటికీ ముక్కు తుడుచుకోవాల్సి రావడం, రుమాలు వెంట మోసుకెళ్లడం, మందులు వేసుకోవడం, ఇలాంటి రోజువారీ విసుగులే చెబుతారు. మన కంటికి ఆనని చిన్న చిన్న ఇబ్బందులు వాళ్లకి పెద్దవి. అందుకే బాబుని ‘నీకేమైనా బాధగా ఉందా’ అని అడిగితే ‘ఏం లేదు’ అనేస్తాడు. రెండేళ్లుగా ఇలాగే ఉన్నవాడికి, ముక్కు తెరుచుకుని ఉంటే ఎలా ఉంటుందో కూడా మర్చిపోయే వీలుంది. ‘ఇవాళ స్కూల్లో ముక్కు ఎప్పుడు సతాయించింది? ఆ పీరియడ్‌లో ఏం చేశావు?’ అని అడిగి చూడండి. అప్పుడు చెబుతాడు.

అన్నం దగ్గర కూడా గమనించండి. ముక్కు మూసుకుపోయిన పిల్లవాడు నోరు మూసుకుని నమలలేడు. నమలాలా, ఊపిరి తీయాలా అన్నట్టుంటుంది వాడి పరిస్థితి. చప్పుడు చేస్తూ తింటున్నాడని, నెమ్మదిగా తింటున్నాడని తిట్లు తినేది ఇలాంటి పిల్లలే. వాసన తెలియకపోవడంతో రుచీ తగ్గి, తిండి మీద ఆసక్తి పోతుంది.

ఆటలకి వెళ్లకపోవడానికి కారణం అలసట కావచ్చు, పదిమందిలో ముక్కు కారుతుందన్న సిగ్గు కావచ్చు. ఇంకొకటి మాత్రం తప్పకుండా చూసుకోవాలి. పరిగెత్తితే దగ్గు వస్తోందా, ఛాతీ పట్టేసినట్టుందా, రాత్రిపూట దగ్గుతో లేస్తున్నాడా, పిల్లికూతలు ఉన్నాయా? ముక్కు, ఊపిరితిత్తులు ఒకే గాలి దారికి రెండు చివరలు. ఆస్తమా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ముక్కు అలర్జీ కూడా ఉంటుంది. ముక్కు సంగతి పట్టించుకోకపోతే ఆస్తమా అదుపులోకి రావడం కష్టమవుతుంది. చెవులు కూడా చూపించండి. ముక్కు వెనక వాపు వల్ల కర్ణభేరి వెనక నీరు చేరి, వినికిడి మందగించవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. టీవీ సౌండ్ పెంచుతున్నా, రెండుసార్లు పిలిస్తే గానీ పలక్కపోయినా వినికిడి పరీక్ష చేయించండి. క్లాసులో వినట్లేదంటున్న పిల్లవాడికి నిజంగానే సరిగా వినపడకపోయి ఉండవచ్చు.

మీవారితో ఈ మాట చెప్పండి. మామూలు జలుబు వారం పది రోజుల్లో తగ్గిపోతుంది, తరచూ ఒళ్లు వెచ్చబడుతుంది. ఇది నెలల తరబడి ఉంటుంది, జ్వరం రాదు, ముక్కూ కళ్లూ దురదపెడతాయి. బాబు అరచేత్తో ముక్కు కొసని పైకి నెట్టి రుద్దుతుంటాడేమో చూడమనండి. ఏళ్ల తరబడి అలా రుద్దీ రుద్దీ కొంతమంది పిల్లలకి ముక్కు మీద అడ్డంగా ఒక గీత కూడా పడుతుంది. ఈ జబ్బుకి చాలా దేశాల్లో డాక్టర్లు పాటించే ‘ఏఆర్‌ఐఏ’ మార్గదర్శకాలు ఉన్నాయి, 2001లో మొదటిసారి వచ్చాయి. వారంలో నాలుగు రోజులకి మించి, వరసగా నాలుగు వారాలకి మించి లక్షణాలు ఉంటే దాన్ని దీర్ఘకాలికం అంటారు. నిద్ర చెడుతోందా, చదువు దెబ్బతింటోందా, ఆటపాటలు ఆగుతున్నాయా, లక్షణాలు బాగా ఇబ్బంది పెడుతున్నాయా అన్నవి తర్వాతి ప్రశ్నలు. వీటిలో ఒక్కదానికి అవునన్నా అది తేలిక రకం కాదు. మీ బాబుకి చదువు, ఆటలు రెండూ అవుననే చెబుతున్నాయి. పెద్దయ్యాక కొందరికి తగ్గుతుంది, చాలామందికి తగ్గదు. తగ్గుతుందనే అనుకున్నా, ఈలోపు నాలుగో తరగతి, ఐదో తరగతి, స్నేహాలు, ఆటలు ఆగవు కదా.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వద్దాం. స్టెరాయిడ్ అనగానే తల్లులు భయపడటం నాకు అర్థమవుతుంది. కానీ నోటితో మింగే స్టెరాయిడ్ మాత్రలకీ దీనికీ చాలా తేడా ఉంది. స్ప్రేలో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, ముక్కు పొర మీదే పనిచేస్తుంది. ఫ్లూటికసోన్, మొమెటసోన్ లాంటి కొత్త మందులైతే రక్తంలోకి చేరేది అతి స్వల్పం. పిల్లల్లో దిబ్బడకి వీటిని మించి పనిచేసే మందు లేదు. ఎదుగుదల గురించి చేసిన పరిశోధనల్లో, బెక్లోమెథసోన్ లాంటి పాత మందుని ఏడాది పాటు వాడిన పిల్లల్లో ఎత్తు పెరగడం కొద్దిగా నెమ్మదించినట్టు కనిపించింది. అందుకే డాక్టర్లు పిల్లలకి సరిపోయే మందు ఎంచి, పనిచేసే అతి తక్కువ మోతాదులో ఇస్తారు. మీరు అడిగితే ఎత్తు కొలిచి రాసిపెడతారు, తప్పకుండా అడగండి.

నాలుగు రోజుల్లో ఈ మందు పూర్తి గుణం చూపదు. పూర్తి ఫలితానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. అదీ లక్షణాలు ఉన్నా లేకపోయినా రోజూ వాడితేనే. కొట్టే పద్ధతి కూడా ముఖ్యం, దాన్ని పక్కనుండి చూపించేవాళ్లు తక్కువ. ముందు ఉప్పునీటి స్ప్రేతో ముక్కు కడిగి, మెల్లగా చీదించండి. సీసా బాగా ఊపండి. తల వెనక్కి వాల్చనివ్వకండి, కాస్త ముందుకి వంచి, కిందికి చూడమనండి. గొట్టం కొస ముక్కు మధ్యగోడ వైపు కాకుండా, అదే వైపు కంటి బయటి మూలకేసి ఉండాలి. బాబే కొట్టుకుంటే కుడి రంధ్రంలో ఎడమ చేత్తో, ఎడమ రంధ్రంలో కుడి చేత్తో కొట్టుకోమనండి, కోణం దానంతటదే సరిపోతుంది. నొక్కేటప్పుడు గట్టిగా ఎగపీలిస్తే మందంతా గొంతులోకి జారిపోతుంది, మామూలుగా మెల్లగా పీలిస్తే చాలు. మధ్యగోడ మీద పడుతూ ఉంటే ముక్కు నుంచి రక్తం రావచ్చు. అలా వస్తే ఆపి డాక్టర్‌ని అడగండి.

మెడికల్ షాపులో ముక్కు దిబ్బడకని ఇచ్చే చుక్కలు వేరు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ ఉన్నవి నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. మూడు నుంచి ఐదు రోజులకి మించి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది, చుక్కలు లేకుండా ఉండలేని స్థితి వస్తుంది. రెండూ ముక్కులో వేసేవే కాబట్టి జనం కలిపేసుకుంటారు. రోజూ వాడినా ఫరవాలేని మందుని చూసి భయపడి, రోజూ వాడకూడనిదాన్ని నెలలు వాడేవాళ్లు ఉన్నారు. ఎవరైనా మాంటెలుకాస్ట్ మాత్ర రాస్తే, బాబుకి చిరాకు, ఏడుపు ఉన్నాయని ముందే చెప్పండి. ఆ మందుతో కొందరిలో పీడకలలు, మనసులో అలజడి, ప్రవర్తనలో మార్పులు వస్తున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో గట్టి హెచ్చరిక ఇచ్చింది. ముక్కు అలర్జీ ఒక్కదానికే అయితే, మిగతా మందులు పనిచేయనప్పుడో, పడనప్పుడో మాత్రమే వాడమని చెప్పింది.

ఇంట్లో అన్నీ ఒకేసారి మార్చేయాలని టెన్షన్ పడకండి. బాబు పడుకునే చోటుతో మొదలుపెట్టండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి, చల్లనీళ్లకి ఆ పురుగులు చావవు. మెత్తటి బొమ్మలు మంచం మీద వద్దు. వాడు గదిలో లేనప్పుడు తడిగుడ్డతో తుడవండి. ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు, ఈ విషయంలో మొహమాటం పెట్టుకోకండి. తిండి విషయంలో ఇది వద్దు అది వద్దు అని ఆంక్షలు పెట్టకండి. తిండి పడకపోవడం వల్ల ఒక్క ముక్కుకే ఇలా అవడం చాలా అరుదు. ఏది పడదో తెలుసుకోవడానికి చర్మం మీద చేసే ప్రిక్ టెస్టు గానీ రక్తపరీక్ష గానీ ఉన్నాయి. పరీక్షలో వచ్చిన పేరుకీ బాబు లక్షణాలకీ పొంతన కుదిరితేనే దానికి విలువ. మందులు సరిగా వాడినా అదుపులోకి రాకపోతే, పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరానికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఉంది. 1911 నుంచీ ఉన్న వైద్యం. ఇంజెక్షన్లుగానో, నాలుక కింద పెట్టే మందుగానో సుమారు మూడేళ్లు తీసుకోవాలి.

టీచర్ గారికి ఒక చిన్న ఉత్తరం రాయండి. ఇది అంటుకునే జలుబు కాదని, చికిత్స జరుగుతోందని చెప్పండి. అడక్కుండానే బయటికి వెళ్లి ముక్కు చీదుకుని రావడానికి అనుమతి ఇమ్మని, సుద్దముక్కల పొడి మీద పడని చోట కూర్చోబెట్టమని అడగండి. బాబుతో కూడా మాట్లాడండి. ‘నువ్వు బద్ధకస్తుడివి అనుకున్నాను. రాత్రి ఊపిరి సరిగా ఆడక నీకు నిద్ర చాలట్లేదని ఇప్పుడు తెలిసింది. ఇద్దరం కలిసి సరిచేద్దాం’ అంటే చాలు. తిట్టానే అని మీరు కుమిలిపోకండి. కంటికి కనిపించిందే మీరు అన్నారు. తప్పు తనది కాదని అమ్మ నోటితో వింటే, స్ప్రే కొట్టించుకోవడానికి వాడు మారాం చేయడం కూడా తగ్గుతుంది.

డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి, స్ప్రే మధ్యలో ఆపేసిన సంగతి దాచకుండా చెప్పండి. మళ్లీ మొదలుపెట్టాక నాలుగు వారాలు ఒక నోటుబుక్కులో మూడే విషయాలు రాయండి: రాత్రి గురక ఉందా లేదా, పొద్దున లేపితే ఎలా లేచాడు, సాయంత్రం ఆడుకున్నాడా. తుమ్ములు తగ్గినా ఈ మూడింటిలో మార్పు రాకపోతే చికిత్స ఇంకా సరిపోలేదని అర్థం. అప్పుడు మోతాదు మీరే పెంచకుండా, ఆ నోటుబుక్కు చూపించి, స్ప్రే కొట్టే తీరు సరిగా ఉందో లేదో వాళ్ల ఎదురుగానే కొట్టించి చూడమనండి, ఎడినాయిడ్లు, చెవులు పరీక్షించమనండి. ఒక్క రంధ్రం నుంచే దుర్వాసనతో చీమిడి వస్తున్నా, తరచూ రక్తం వస్తున్నా, ఆయాసం కనిపించినా నాలుగు వారాల దాకా ఆగకండి, వెంటనే వెళ్లండి.